పీసా గోపురానికి దిష్టి

పీసా గోపురం బరువు భూషణం గారి చేతుల మీదికి వచ్చేస్తుంది. టిఫిన్లయ్యాక, ఎండ ఇంకా ముదరకముందు, ఆయన పచ్చికలో నిలబడి ఒరిగిన గోపురాన్ని పడకుండా ఆపుతున్నట్టు రెండు చేతులూ గాలిలోకి చాచి ఫోటోకి నవ్వుతున్నప్పుడు వస్తుంది. ఎదురుగా ఫోను పట్టుకున్న ఆయన భార్య హైమవతికి ఆ సంగతి ఫోను తెరలోనే తెలుస్తుంది. ఆయన బూట్లు చీలమండల దాకా నేలలోకి దిగుతాయి.

"తీశావా హైమా?"

"తీశానండి. ఇంక రండి."

"ఎలా రానే? బరువుగా ఉంది."

చుట్టూ పచ్చిక నిండా జనం అలాగే చేతులు చాచి నిలబడి ఉన్నారు. ఒకాయన నెడుతున్నాడు. ఒక కొత్త పెళ్లికూతురు వీపుతో ఆనుకుంది. ఒక ముసలాయన చిటికెన వేలితో ఆపేస్తున్నాడు. వాళ్లెవరికీ ఏమీ కాదు, ఫోటో అవగానే చేతులు దులుపుకుని ఐస్‌క్రీముకి పోతారు. వాళ్లకి పట్టుకున్నట్టు నటించడం వచ్చు. భూషణం గారికి రాదు, అదే వచ్చిన చిక్కు.

మండపేటలో ఆయన్ని ఎరిగిన వాళ్లకి ఇది వింతగా అనిపించదు. రైలెక్కితే ఎవరి పసిపాపో ఆయన ఒళ్లోనే నిద్రపోతుంది. పెళ్లికి వెళితే ఎవరిదో గొడుగు, ఎవరిదో పళ్లెం, "ఒక్క నిమిషం బాబాయ్" అని ఎవరో ఇచ్చిపోయిన సూట్‌కేసు, అన్నీ ఆయన చేతుల్లోనే ఉంటాయి. ఒక్క నిమిషం అన్నవాళ్లు తాపీగా భోంచేసి, కిళ్లీ కూడా వేసుకుని వస్తారు. ఇన్నేళ్ల కాపురంలో హైమవతి ఆయన పక్కన నడిచింది గాని ఆయన చెయ్యి పట్టుకుని నడవలేదు. చెయ్యి ఖాళీగా ఉంటే కదా! ఈ ప్రయాణానికి ఒప్పుకునేటప్పుడు ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది: ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ మీ చేతులు నావి. ఆయన సరేనన్నారు. విమానంలో చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు కూడా.

ఇప్పుడు చూస్తే ఏకంగా గోపురం. హైమవతికి ఒళ్లు మండిపోతుంది. ఆ మంట కింద ఏడుపు కూడా ఉంది గాని దాన్ని ఆవిడ పైకి రానివ్వదు.

వీళ్లని తీసుకొచ్చిన గైడు ఫణీంద్ర పసుపు జెండా ఊపుకుంటూ వస్తాడు. మిగతా మండపేట వాళ్లందరూ బస్సెక్కేశారు, పులిహోర పొట్లాలు కూడా పంచేశారు.

"అంకుల్, టైమైపోయింది. మెల్లగా వదిలేయండి, ఏం కాదు."

"పైన మనుషులున్నారయ్యా," అంటారు భూషణం గారు. "వాళ్ల నడక నా అరచేతులకి తెలుస్తోంది. ఎవరిదో చంటిపిల్ల, మెట్లెక్కుతూ గెంతుతోంది. ఎలా వదలమంటావు?"

ఫణీంద్ర తలెత్తి పైకి చూస్తాడు. జెండా మడిచి జేబులో పెట్టుకుంటాడు.

ఇంతలో గోపురం కాపలా ఆవిడ వస్తుంది. నీలం కోటు, జుట్టు ముడి, చేతిలో ఒక మెత్తని దిండు. ఆవిడ ఇటాలియన్లోనే మాట్లాడుతుంది, హైమవతికి అది మండపేట మాటలాగే వినపడుతుంది. ఎండలో నిలబెట్టి మాట్లాడేటప్పుడు అలా వినపడటం మామూలే.

"ఇన్నాళ్లూ దీన్ని ఎవరు పట్టుకున్నారండీ?" అని అడుగుతుంది హైమవతి.

"ఎవరూ లేరండి. అందుకే కదండీ అలా ఒరిగిపోయింది." కాపలా ఆవిడ భూషణం గారి మోచేతుల కింద దిండు సర్దుతుంది. "ఇన్నాళ్లకి మంచి మనిషి దొరికాడు. గది ఇక్కడే కట్టించి ఇస్తామండి. చేతులు తప్ప మిగతా ఒళ్లంతా పడుకోవచ్చు."

"మంచి మనిషని నాకూ తెలుసండి. అందుకే తీసుకుపోతాను."

"ఏం చేసి తీసుకుపోతారు?"

హైమవతి గోపురాన్ని మొదటిసారి సరిగ్గా చూస్తుంది. తెల్లగా, పొందిగ్గా, అంతస్తు అంతస్తుకీ గాజులు వేసుకున్నట్టు ఉంది. ఇంత చక్కనిదాన్ని తరతరాలుగా దేశదేశాల వాళ్లు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఒక్కరైనా దిష్టి తీశారా? ఒక్కరి దిష్టి తగిలితేనే పసివాడు తల వాల్చేస్తాడు, గోపురం వాల్చదూ?

ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉప్పు, ఎండుమిరపకాయలు ఉన్నాయి. కొత్త ఊరికి వెళ్లేటప్పుడు అవి లేకుండా ఆవిడ గడప దాటదు. విమానాశ్రయంలో ఆఫీసరు ఇదేమిటని అడిగితే మందు అని చెప్పింది, అబద్ధం కాదు.

"దీన్ని తూర్పు ముఖంగా కూర్చోబెట్టాలి," అంటుంది.

"గుండ్రంగా ఉందండి," అంటుంది కాపలా ఆవిడ. "ఏ వైపు చూసినా తూర్పుకే చూస్తుంది."

అది నిజమే. హైమవతి కొంగు దోపుకుని, ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి, చెయ్యి చాస్తుంది. చెయ్యి కావలసినంత పొడుగవుతుంది. మోచెయ్యి పక్కనున్న చర్చి కప్పు మీదుగా పోతుంది, గాజులు చప్పుడు చేసుకుంటూ గోపురం వెనక్కి వెళ్లి అటునుంచి తిరిగి వస్తాయి.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, జర్మనీ వాళ్ల దిష్టి, జపాను వాళ్ల దిష్టి, బస్సులో కూర్చున్న మా మండపేట వాళ్ల దిష్టి, ఈ ఫణీంద్ర దిష్టి..."

"నేను రోజూ చూసేదే మేడమ్, నా దిష్టి ఏముంటుంది?"

"నువ్వు ఊరుకో. నా దిష్టి, మా ఆయన దిష్టి, అన్నీ పోవాలి." గుప్పిట గోపురం మొహం దగ్గర ఆపుతుంది. "ఏదీ, థూ అను."

గోపురం సిగ్గుపడుతుంది. హైమవతి కళ్లెర్రజేస్తే అప్పుడు అంటుంది. ఆ ఊపుకి పైన ఎక్కినవాళ్లందరూ టిక్కెట్లతో సహా మెత్తగా పచ్చికలో వచ్చి పడతారు. గెంతుతున్న పిల్ల గెంతుతూనే దిగుతుంది, ఇంకోసారి అని అడుగుతుంది. హైమవతి గుప్పిట విప్పకుండానే రెండు చేతులూ గోపురానికి తిప్పి తన కణతల దగ్గర మెటికలు విరుస్తుంది. ఫటఫటమని ఒక్కో అంతస్తే సర్దుకుని, గోపురం నిటారుగా నిలబడుతుంది.

భూషణం గారి చేతులు కిందికి దిగుతాయి. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియదు.

హైమవతి అటు అడుగు వేయబోయి ఆగిపోతుంది. గోపురం వాలు మొత్తం ఆవిడ గుప్పిట్లో ఉంది. ఉప్పుకీ మిరపకాయలకీ మధ్య వెచ్చగా కదులుతోంది, ఆవిడని ఒక పక్కకి లాగేస్తోంది.

"పొయ్యి ఎక్కడుందండీ? దీన్ని నిప్పుల్లో వెయ్యాలి."

కాపలా ఆవిడ గుండె బాదుకుంటుంది. "అమ్మమ్మో! అది కాల్చేస్తే మా ఊరు దేన్ని చూపించుకుని బతుకుతుందండీ? దాన్ని మళ్లీ గోపురానికే ఇచ్చేయండి."

"ఇచ్చేస్తే అది మళ్లీ ఈయన చేతుల మీదే పడుతుంది."

"పోనీ నాలుగు దార్ల దగ్గర పారేద్దాం మేడమ్," అంటాడు ఫణీంద్ర.

"తొక్కినవాళ్లు ఒరిగిపోరూ? బుద్ధుందా నీకు?"

గుప్పిట్లో వాలు ఇంకా బరువెక్కుతుంది. హైమవతి మోకాలు వంగుతుంది. భూషణం గారు గబగబా వచ్చి, అలవాటు ప్రకారం, చెయ్యి చాస్తారు.

"ఇలా తే. నేను పట్టుకుంటాను."

ఆ మాట వినగానే ఆవిడకి ఇందాక దాచుకున్న ఏడుపు వచ్చేస్తుంది. "జన్మంతా మీరే పట్టుకున్నారు. ఇవ్వను."

"మరి నువ్వొక్కదానివే మొయ్యలేవు."

"అందుకని మొత్తం మీకిచ్చేస్తానా? సగం."

ఆవిడ గుప్పిట విప్పుతుంది. ఆయన తన అరచెయ్యి ఆ అరచేతిలో పెడతారు. వేళ్లలో వేళ్లు దూర్చి మూసేస్తారు. వాలు ఆ రెండు చేతుల మధ్య ఇరుక్కుని, కాసేపు గింజుకుని, సర్దుకుంటుంది. ఆయన చెయ్యి ఆవిడ అనుకున్నంత గరుకుగా లేదు. చాలా బాగుంది, ఆవిడకి నవ్వు వస్తుంది.

ఇద్దరూ ఒకే పక్కకి ఒరిగి నడవడం మొదలుపెడతారు. చెయ్యి వదిలితే వాలు జారిపోతుంది, కాబట్టి వదిలే ప్రశ్నే లేదు. పచ్చికలో ఉన్న జనం ఒక్కొక్కరుగా ఇటు తిరుగుతారు. ఫోన్లన్నీ వీళ్ల మీదికే లేస్తాయి. కాపలా ఆవిడ కళ్లు తుడుచుకుని, పరుగున పోయి టిక్కెట్ల కిటికీ తెచ్చి వీళ్ల ముందు పెడుతుంది.

నిటారుగా ఉన్న గోపురం వైపు ఎవరూ చూడరు. అది కాసేపు ఓర్చుకుంటుంది. తరవాత కుచ్చిళ్లు ఎత్తిపట్టినట్టు అడుగు అంతస్తు కొంచెం పైకెత్తి, గట్టు దిగి, ఎవరినీ తొక్కకుండా పచ్చికలోకి వస్తుంది. హైమవతీ భూషణం గారూ ఒరిగిన వైపు కాస్త దూరంలో నిలబడి, పై అంతస్తు కమానుల్లోంచి రెండు పొడవాటి పాలరాతి చేతులు చాచి, వాళ్లని పడిపోకుండా ఆపుతున్నట్టు నిలబడుతుంది. హైమవతి ఫోను అడిగి తీసుకుని ఫణీంద్రకి ఇస్తుంది.

"అందరూ నవ్వండి," అంటాడు ఫణీంద్ర. ముగ్గురూ నవ్వుతారు. "తీశాను. ఇంక రండి."

గోపురం రాదు. దాని పాదం పచ్చికలోకి మెల్లగా దిగుతుంది.

"ఎలా రాను?" అంటుంది. "బరువుగా ఉన్నారు."