ఇరవై మూడో నంబరు హాజరు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి హాజరు పిలవడం టీచరమ్మకు అలవాటు. పలికేవాళ్ళెవరూ ఉండరు. బడి పెట్టిన ఏడాది తను పాఠాలు చెప్పిన ఆరో తరగతిలో నలభై ఒక్క మంది పేర్లూ, వరస తప్పకుండా, వంటింట్లో నిలబడి తనకు తనే అప్పజెప్పుకుంటుంది. మతిమరుపు మొదలయ్యాక అదొక పరీక్ష అయింది. ఆ రోజు ఇరవై రెండో పేరు తర్వాత ఇరవై నాలుగోది ఊడిపడింది.

మళ్ళీ మొదటి నుంచీ పిలిచింది. మళ్ళీ అక్కడే తెగింది.

"అక్కా, నీ పిల్లలు ఎక్కడికీ పోరుగానీ, పాలు పోతున్నాయి చూడు," అంది చెల్లెలు పక్కగదిలోంచి.

"ఇరవై మూడు రావట్లేదే."

చెల్లెలు వచ్చి పొయ్యి ఆపింది. "ఏనాడో రాసిపెట్టుకోమన్నాను. విన్నావా?"

"రాసుకుంటే, ఇక మర్చిపోయినా ఫరవాలేదని మనసుకి చెప్పినట్టే."

"ఇప్పుడు రాయకుండానే మర్చిపోయావుగా, మహాతల్లీ!"

బడి యాభయ్యో వార్షికోత్సవం ఆ రోజే. మొదటి బ్యాచికి హాజరు తనే పిలవాలి. మొహం చెల్లక ఇన్నేళ్ళూ ఆ గుమ్మం తొక్కని మనిషి ఈసారి ఒప్పుకున్నది ఆ ఒక్క పేరు పిలవడానికే.

మొదట్లో ఆమె పేర్లతోనే పిలిచేది. కొన్నాళ్ళకి, త్వరగా తెమిలిపోతుందని, నంబర్లలోకి దిగింది. తల ఎత్తకుండా టిక్కులు కొట్టుకుంటూ పోయేది. ఒకనాడు ఇరవై మూడు బడికి రాలేదు. "ఆలస్యమైతే నా బదులు పలకవే," అని ముందురోజే స్నేహితురాలికి చెప్పి ఉంచింది. ఆ స్నేహితురాలు ఇరవై నాలుగు. పాపం, నమ్మకంగా పలికింది. తన నంబరు వచ్చేసరికి మాత్రం గొంతు పెగల్లేదు. బల్ల మీద తట్టింది. టీచరమ్మ దానికీ తల ఎత్తకుండానే టిక్కు కొట్టింది.

మధ్యాహ్నం ఇరవై మూడు తండ్రి వచ్చాడు. రాళ్ళ క్వారీ దారిలో పిల్ల చెప్పు ఒకటి దొరికిందట. టీచరమ్మ క్లాసులోకి తొంగి కూడా చూడలేదు. స్టాఫు రూములో కూర్చునే రిజిస్టరు తెరిచి, "వచ్చిందండీ, ఇదిగో," అని చూపించింది. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం పిల్లని క్వారీ గుంటలోంచి తీశారు. మధ్యాహ్నం దాకా ప్రాణం ఉందని డాక్టరు అన్నాడు.

ఆ నెలలోనే టీచరమ్మ బదిలీ చేయించుకుంది. ఇరవై నాలుగుకి గొంతు తిరిగి రాలేదు. ఆ గొంతు ఆ గదిలోనే ఉండిపోయింది. ఎవరు హాజరు పిలిచినా, ఇరవై మూడు అనగానే మూడో బెంచీ దగ్గర "ప్రెజెంట్ టీచర్" అంటుంది. ఆ నంబరు మరే పిల్లకీ ఇవ్వలేదు, పిలవడం మాత్రం మానలేదు. కొత్తగా చేరిన టీచర్లకి చాక్‌పీసుల డబ్బా ఎక్కడుంటుందో చెప్పినట్టే ఆ సంగతీ చెబుతారు. ఇరవై నాలుగు తల్లి బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి, వరండాలో నిలబడి, కూతురి గొంతు విని ఇంటికి వెళ్ళేది.

ఇప్పుడా కూతురు అరవై దాటిన టైలరు. మెళ్ళో టేపుతోనే వార్షికోత్సవానికి వచ్చి, అదే గదిలో మూడో బెంచీలో ఒదిగి కూర్చుంది.

"బెంచీలు కుంచించుకుపోయాయా, మనం ఊరిపోయామా?" అన్నాడు పక్క వరసలో రిటైరైన బస్సు కండక్టరు. అందరూ నవ్వారు.

హెడ్మాస్టరు పాత రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేర్ల గడిని చెదలు నిలువునా తినేశాయి. నంబర్లూ టిక్కులూ మిగిలాయి.

"నంబర్లతో కానిచ్చేయండి మేడమ్, ఎవరూ ఏమనుకోరు."

"కాదు బాబూ. పేర్లతోనే."

ఒక్కొక్కరే పలుకుతున్నారు. పోయినవాళ్ళ పేర్ల దగ్గర ఎవరో ఒకరు మెల్లగా "లేరు" అంటున్నారు. ఇరవై రెండు అయింది. టీచరమ్మ నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు, తుడిచిన బోర్డులా.

"నంబరు అనండి టీచర్, అదే పలుకుతుంది," కండక్టరు సాయం వచ్చాడు.

"పలుకుతుందిరా. అందుకే అనను."

మూడో బెంచీలోంచి టైలరు లేచి వచ్చింది. సంచీలోంచి గుడ్డల మీద గీతలు గీసే సుద్ద తీసి, రిజిస్టరు పక్కన బల్ల మీద, చిన్నపిల్లల గుండ్రటి అక్షరాలతో ఒక పేరు రాసింది. వెళ్ళి తన చోట కూర్చుంది.

టీచరమ్మ ఆ పేరుని ఇంటిపేరుతో సహా పిలిచింది. పిలిచి, తల ఎత్తి చూసింది.

యాభై ఏళ్ళలో మొదటిసారి ఆ గదిలో ఇరవై మూడు వంతుకి ఎవరూ పలకలేదు. మూడో బెంచీలో టైలరు పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. టీచరమ్మ దాన్ని కళ్ళారా చూసింది. ఎవరు వేసిన హాజరు వాళ్ళే దిద్దాలని బడి రూలు. ఎర్ర కలం తీసి, ఆనాటి టిక్కుని అడ్డంగా కొట్టేసి, ఆబ్సెంట్ వేసి, పక్కన పొడి సంతకం పెట్టింది.

తర్వాత ఇరవై నాలుగో పేరు పిలిచింది.

"ప్రెజెంట్ టీచర్."

టైలరు పెదవులే కదిలాయి. గొంతు మాత్రం పదకొండేళ్ళ పిల్లది. ఆమె నిలబడి, పక్కనున్న ఖాళీ వైపు చెయ్యి చూపించింది.

"టీచర్, ఇది ఇవాళ రాలేదు టీచర్."

"రాసుకున్నానమ్మా," అంది టీచరమ్మ. "కూర్చో."