అత్తగారి డబ్బాలు

రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చేముందు కోడలు వంటింట్లో డబ్బాలు ఊడుస్తుంది. అవి అత్తగారు ముందురోజు మాట్లాడినవి. ఒక్కొక్కటీ చొక్కా గుండీ అంత ఉంటుంది. నాలుగు మూలలు, నల్లటి అంచు, మధ్యలో ఖాళీ. ఆవిడ నోరు తెరిస్తే మాటకి బదులు ఇవి రాలి, ఒళ్ళో పడి, నేలమీదికి జారతాయి. మంచాల కింద, గడప సందుల్లో, ఒక్కోసారి పిండి జల్లెడలో కూడా దొరుకుతాయి.

"అమ్మా, కాస్త తగ్గించి మాట్లాడు, కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి," అంటాడు కొడుకు, అదేదో ముద్దుచేస్తున్నట్టు.

చెత్తబండి అతను బుట్ట అందుకుని బరువు చూసి, "నిన్న పెద్దమ్మగారికి కోపమొచ్చినట్టుందే," అంటాడు.

కాపురానికొచ్చిన కొత్తల్లో అత్తగారు ఏదో చెప్పబోతే మామగారు "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాడట. డబ్బాలు అప్పుడు మొదలయ్యాయి. ఆయన పోయాడు గానీ అవి పోలేదు. కాగితం మీద రాసినా గళ్ళే పడతాయి. తల అడ్డంగా ఊపితే మెడ పట్టేసిందనుకుని మందు రాశారు. ఆవిడ ఏమన్నా, "సరే" అన్నట్టే ఆ ఇంట్లో లెక్క. "మా ఇంట్లో అమ్మ మాటే మాట," అని కొడుకు పదిమందిలో చెప్పుకుంటాడు. వినపడని మాటని గౌరవించడంలో మగవాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు.

కోడలు పనిచేసేది డీటీపీ షాపులో. అక్కడా డబ్బాల గొడవే. ఎవరో ఎక్కడో టైప్ చేసిన ఫైలు తెస్తారు, తెరిస్తే అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేది కోడలే.

"మెషిన్‌కి అక్షరాలు తెలీవు, అంకెలే తెలుసు. మనకి 'అ' అయితే దానికి మూడువేల డెబ్భై ఏడు. ఫాంటులో ఆ అంకెకి ఏ బొమ్మ ఉందో వెతికి తెరమీద పెడుతుంది. బొమ్మ లేకపోతే డబ్బా పెడుతుంది. డబ్బా అంటే ఖాళీ అని కాదు. అంకె లోపల భద్రంగానే ఉంటుంది, దానికి మొహమే లేదు."

ఇంత చక్కగా చెప్పి, పని తొందరలో ఆ డబ్బాలన్నీ ఎంచి చెరిపేసేదీ తనే. ఫాంటు వెతికే తీరిక ఎవరికుంది? ఇంట్లో చీపురు పట్టేదీ ఆ చెయ్యే. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఈ డబ్బాకీ ఆ డబ్బాకీ చుట్టరికం ఉందని ఆ తలకి తట్టలేదు.

ఆ వారం ఆడపడుచు మళ్ళీ పుట్టింటికొచ్చింది. ఏడాది కిందట వచ్చినప్పుడు పెదవి చిట్లి ఉంది. "సర్దుకుపోవాలి, అమ్మ కూడా అదే అంటోంది," అని అన్న దగ్గరుండి దిగబెట్టి వచ్చాడు. ఈసారి ఎడమ మణికట్టుకి కట్టుంది.

"మంచంకోడు తగిలిందటలే," అన్నాడు అన్న. "ఆదివారం అతనొచ్చి తీసుకెళ్తాడు."

"మంచంకోళ్ళు చెయ్యి మెలిపెట్టడం ఎప్పుడు నేర్చుకున్నాయో," అంది కోడలు. ఆయన పేపరు పేజీ తిప్పాడు.

మధ్యాహ్నం అత్తగారు కూతురి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు మాట్లాడింది. కట్టు నిండా డబ్బాలు రాలాయి. కోడలు అలవాటుగా చీపురు తీసింది.

"ఆగు వదినా," అంది ఆడపడుచు. "అమ్మ నాకేదో చెప్తోంది. ఎందుకు ఊడ్చేస్తావు?"

కోడలి చెయ్యి ఆగిపోయింది. కింద కూర్చుని ఒక డబ్బా తీసి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల, గోడ అవతలి రేడియోలా సన్నగా, ఒక అంకె వినిపించింది. ఇంకోటి తీసింది. ఇంకో అంకె.

మర్నాడు గుప్పెడు డబ్బాలు పట్టుకెళ్ళి షాపులో ఆ అంకెలు కొట్టి చూసింది. ఉన్న ఫాంటులన్నీ మార్చింది. తెరమీద డబ్బాలే.

"ఈ అంకెలకి ఎవరూ బొమ్మలు గీయలేదే తల్లీ," అంది షాపు ఓనరమ్మ, కళ్ళజోడు పైకి నెట్టుకుని.

"మరేం చెయ్యాలండీ?"

"ఆ మాటలన్నవాళ్ళనే కూర్చోబెట్టి ఒక్కో అక్షరం అడగాలి. అంత ఓపిక ఎవరికుంటుంది!"

కోడలు సెలవు పెట్టింది. వంటింట్లో ఉప్పు చూపించి, "ఇదేంటి అత్తయ్యా?" అంది. దీనికేమైనా పిచ్చా అన్నట్టు చూసి అత్తగారు "ఉప్పు" అంది. డబ్బాలు పడ్డాయి. "ఇది?" గిన్నె. "ఇది?" కత్తి. ఒక్కో డబ్బా విని, కోడలు ఆ అంకెని కూరగాయల పీట మీద వేళ్ళతో కొట్టేది. టైప్ కొట్టేవాళ్ళకి ఏ అక్షరం ఎక్కడుందంటే చెప్పలేరు, వేళ్ళకి తెలుసు. అలాగే నేర్చుకుంది. మూడోరోజుకి అత్తగారు వస్తువులు వదిలేసి తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది. కోడలు తడుముకుంటూ చదివిన మొదటి వాక్యం: "నీ చారులో ఎప్పుడూ పులుపు ఎక్కువే."

"ఇన్నేళ్ళూ ఇదేనా అత్తయ్యా నన్ను తిట్టింది?"

అత్తగారు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. కన్నీళ్ళు మాత్రం అందరిలానే వచ్చాయి.

ఆదివారం అల్లుడు పళ్ళ సంచీతో దిగాడు. "ఏ సంసారంలో లేవు బావగారూ ఇలాంటివి," అంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆడపడుచు గోడకి ఆనుకుని నిలబడింది, బాగున్న చెయ్యి కట్టు మీద పెట్టుకుని.

"అమ్మా, నువ్వేమంటావు?" అన్నాడు కొడుకు, ఆనవాయితీ ప్రకారం.

అత్తగారు చెప్పింది. డబ్బాలు గచ్చు మీద టపటపా పడ్డాయి.

"సరే అంటోంది. వెళ్ళి బట్టలు సర్దుకో."

కోడలు వచ్చి నేలమీద కూర్చుంది. పడిన వరసలోనే ఒక్కో డబ్బా ఏరి, చెవి దగ్గర పెట్టుకుని, మోకాలి మీద వేళ్ళు ఆడిస్తూ చదివింది. "దాన్ని... పంపను. వీడు... దాన్ని... చంపేస్తాడు. నా పక్కనే... పడుకుంటుంది."

మాట మాటకీ అత్తగారు తల ఊపింది. ఈసారి మెడనొప్పని ఎవరూ అనలేదు.

"ఏంటి బావా ఈ నాటకం?" అన్నాడు అల్లుడు.

కొడుకు నోరు తెరిచాడు. మా ఇంట్లో అమ్మ మాటే మాట అని ఊరంతా చెప్పుకున్నవాడు. ఆ మాట ఇప్పుడు నట్టింట్లో అందరికీ వినపడింది. కిటికీ అవతల పక్కింటావిడ కూడా వింది. అతను అల్లుడి వైపు చూడకుండా, "అమ్మ వద్దంటోంది కదా," అన్నాడు. ఆ గొంతు అతనికే కొత్తగా ఉంది.

అల్లుడు కాసేపు అరిచాడు. అత్తగారు లేచి వెళ్ళి కూతురి సంచీ మీద కూర్చుంది. చివరికి అతను తన పళ్ళు తను తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇల్లు సద్దుమణిగాక ఆడపడుచు తల్లి ముందు కూర్చుంది.

"అమ్మా, పోయినేడు నన్ను పంపించిన రోజు కూడా నువ్వేదో అన్నావు. బండెక్కాక కూడా నా వెనకాల అంటూనే ఉన్నావు. ఏమన్నావు?"

అత్తగారు ఆ మాటలు మళ్ళీ అంది. కోడలు మొదటి డబ్బా తీసి విన్నది, రెండోది విన్నది. మూడోది చెవి దాకా తీసుకెళ్ళకముందే వేళ్ళు కదిలాయి. మిగతావి ఏరలేదు.

"చెప్పు వదినా."

"ఇందాకటిదే," అంది కోడలు. "అక్షరం తేడా లేదు."