నెత్తురిచ్చినోళ్ల పథ్యం

పొద్దు పొడవకముందే నర్సింగమ్మ లేస్తది. వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, పొయ్యి మీద నీళ్లకాగు పెట్టి రోలు ముందల కూసుంటది. ఎల్లిపాయకు ఒక్క పొర పొట్టు మిగలొద్దు. మిరపకాయ మాడొద్దు. శొంఠి ఎక్కువైతే చేదు, తక్కువైతే దండుగ. బాలింత కారం నూరుడు అందరికి వచ్చే విద్య కాదని ఆమె నమ్మకం. ఊర్ల ఎవరింట్ల కాన్పైనా పిలవకున్నా పోయి, రోట్ల వేలు పెట్టి నాలుకకు రాసుకొని, "గిది కారమా, ఇటుక పొడా" అని మొఖం మీదనే అనేసి వచ్చే మనిషి.

ఈసారి ఆమె నూరేది ఒక్కింటికి సరిపోయే కారం కాదు. ముద్దలు చేసి మోదుగాకుల్ల చుట్టి, గంపల పెట్టుకొని ఊరంత తిరిగి ఇచ్చేది. ఎందుకంటే ఆమె కోడలు నిరోష ఒంట్ల ఉన్న నెత్తురు నిరోషది కాదు.

మక్తల్ దాటి రోడ్డు దిగినంక చెలకల నడుమ ఉంటది వాళ్ల ఊరు. నిరోషకు ఇది రెండో కాన్పు. మొదటిసారి కడుపు కోసి తీసినా పిల్లగాడు దక్కలే. ఆ కోత మానిన జాగల్నే ఈసారి మాయ వేర్లు పారింది. గోడ పగుల్ల రాగిచెట్టు మొలుస్తది చూడు, అట్ల. పీకితే చెట్టొక్కటే వస్తదా, గోడ గూడ వస్తది. వేలమందిల ఒక్కరికి గిట్లయితదని పాలమూరు దవాఖానల డాక్టరమ్మ చెప్పింది. నెలలు నిండకముందే నెత్తురు పడ్డది. ఆడపిల్లను తీసి అద్దాల డబ్బాల పెట్టిన్రు. మాయ రాలే. నెత్తురు ఆగలే. ఎక్కిచ్చింది ఎక్కిచ్చినట్టే కారిపోయింది. ఆఖరికి మాయతోటి గర్భసంచిని గూడ తీసేస్తే గని పానం నిలవలే.

పెనిమిటి వెంకన్న నెత్తురు కలవలే. నర్సింగమ్మ చెయ్యి సాపింది. "నీ వయసోళ్లది తీసుకోమవ్వా" అన్నది దవాఖాన నర్సు. "నా నెత్తురుకేమైంది, నీదానికంటె చిక్కన" అన్నది నర్సింగమ్మ. ఆ నర్సు మీద ఇప్పటికీ ఆమెకు కోపమే. ఊరికి ఫోన్ పోతే ఆటో దశరథ్, గొర్లకాపరి కురుమయ్య, ఇండ్లు కట్టే గౌండపని డానియల్, ఇంకొందరు దొరికిన బండెక్కి వచ్చి చేతులు సాపిన్రు. వాళ్ల నెత్తురే నిరోష నరాలల్ల తిరిగింది.

ఇంటికొచ్చిన నాడు మంచంల పండుకొని నిరోష చెప్పింది: "కురుమయ్య మామ తడుస్తుండు. కప్పుకునే గొంగడి గూడ లేదు." ఊర్ల ఎండ కాస్తున్నది. మాపటికి కురుమయ్య వాగు అవతలి నుంచి గొర్లను తోలుకొని వానల ముద్దగ తడిసొచ్చిండు. ఎవ్వరు వింత పడలే. కురుమయ్య పెండ్లాం పొడిబట్టలు తీసి తయారుగనే పెట్టింది.

దశరథ్ ఆటో తోలితే నిరోష అరచేతులు అదిరేటివి. కురుమయ్య కల్లు తాగితే ఆమెకు ఎక్కిళ్లు వచ్చేటివి. దశరథ్ పెండ్లాం పూజ మెల్లగ వచ్చి గడప కాడ నిలబడేది.

"అక్కా, మా ఆయన ఏడున్నడే?"

"చేతులు అదురుత లేవు. బండి నిలబెట్టిండు. నోట్ల గుట్కా ఉంది."

"బంద్ పెట్టిన అని మొన్ననే నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పిండు."

"నీ నెత్తి జాగ్రత్త మరి" అనేది నర్సింగమ్మ లోపలి నుంచి.

నిరోష నవ్వేది కాదు. ఊరోళ్లందరి ఆకలి, దూప, ఒళ్లునొప్పులు ఆమెకు తెలిసేటివి. తనదే తెలిసేది కాదు. కుట్లు విప్పినప్పుడు సుత "అబ్బ" అనలే. కడుపు మీద చెయ్యి పెట్టుకుంటే, ఇల్లు పీకినంక మిగిలిన పునాది గుంతను ముట్టుకున్నట్టుండేది. పక్కల పిల్ల ఏడిస్తే నాలుగిండ్ల అవతల ఎవరి పిల్లనో ఏడ్చినట్టు వినేది. పాలు పడనే లేదు. నర్సింగమ్మ పిల్లను తెచ్చి ఒళ్లె పెడితే రెండు చేతులు పక్కకు జారేసి కూసునేది.

"పట్టుకో బిడ్డా. నీ పిల్లనే."

"పట్టుకుంటే తెలుస్తలేదత్తా. దిండు పెట్టినట్టున్నది."

"కన్నతల్లి అనే మాటనా అది?"

"నాది ఏది లేదు. లోపల ఎవరెవరో తిరుగుతున్నరు. నేనేడ ఉన్ననో నాకే దొరుకుత లేను."

నర్సింగమ్మకు మాటలకు మందు తెల్వదు. ఆమెకు తెలిసిన మందు పథ్యం. బాలింత సల్లది తాగొద్దు, వంకాయ తినొద్దు, గుమ్మడికాయ ముట్టొద్దు, చెవులల్ల దూది తీయొద్దు. ఇవన్ని కోడలితోటి చేపిచ్చింది. అయినా కోలుకోకపోతే నర్సింగమ్మ ఆలోచన చేసింది. నెత్తురు ఊరోళ్లది గద. ఆ నెత్తురు ఆడ కల్లు తాగి వంకాయకూర తింటుంటే, ఈడ బాలింతకు పథ్యం ఎట్ల పారుతది?

అట్ల ఆమె గంప ఎత్తుకున్నది.

కురుమయ్య మంద కాడ కూసొని సద్ది విప్పుతుంటే ఎదురుంగ పోయి నిలబడ్డది. "ఏం కూర?"

"వంకాయ, వదినా."

"గొర్లకెయ్యి. ఇగో కారం. ఉడుకు అన్నంల కలుపుకొని తినాలె. దూది తెచ్చిన, చెవులల్ల పెట్టుకో. కల్లు బంద్."

"నేను కనలేదు గద వదినా."

"నీ నెత్తురు బాలింత ఒంట్ల ఉన్నది. నువ్వు గూడ సగం బాలింతవే. నోరు మూసుకొని తిను."

కురుమయ్య నోరు మూసుకొనే తిన్నడు. మక్తల్ బస్టాండ్ కాడ దశరథ్ చెవులల్ల దూది, తలకు రుమాలు కట్టుకొని సవారీలను పిలుస్తుంటే, మిగిలిన ఆటోలోళ్లు "పురుడు ఎప్పుడే" అని అడిగిన్రు. అయినా దూది తీయలే. నర్సింగమ్మకు భయపడి కొంత, నిరోషకు మంచిగైతదేమో అని కొంత.

ఆమె గంప పోనిది ఒక్క ఇల్లే. అది డానియల్ ఇల్లు.

చర్చి వెనక ఇల్లు అయినందుకు కాదు, అని నర్సింగమ్మే అందరికి చెప్పేది, ఎవరు అడగకున్నా. డానియల్ తల్లి నాగులమ్మ, ఎన్కట వేరుశనగ కలుపుకాడ, "నర్సింగమ్మ పట్టిన సాలుల గడ్డి మిగిలింది" అని పదిమందిల అన్నది. నర్సింగమ్మ కలుపు తీస్తే చెలక చాప పరిచినట్టుంటది. అటువంటి మనిషిని అంత మాట అన్నది. ఆనాటి నుంచి ఇద్దరికి మాటల్లేవు. నాగులమ్మ కొడుకు నెత్తురిచ్చిండు, నిజమే. ఇచ్చింది కొడుకు గని, ఆ మాట అన్నది తల్లి. రెండు లెక్కలు కలపొద్దు.

పిల్లకు పాలు పట్టుడు గూడ నర్సింగమ్మ తన లెక్కనే పట్టింది. దవాఖానల పాలపొడి డబ్బా ఇచ్చి పంపిన్రు. డబ్బా మీద నమ్మకం లేక అటక మీద పెట్టింది. ఇంటి మేక పాలు పిండి, పిల్లకు అరగదని నీళ్లు బాగ కలిపి, పత్తితోటి చుక్క చుక్క పోసేది. ముగ్గురు పిల్లలను గట్లనే సాదింది. ఆశా వర్కర్ నవనీత తూకం సంచి తీసుకొని వస్తే గడప తొక్కనియ్యలే.

"పిల్లను తూకమేస్త అవ్వా. ఎంతైందో చూడాలె."

"తూకమేసెటందుకు ఉల్లిగడ్డనా? పచ్చిపిల్లను కొక్కేనికి ఏలాడేస్తే దిష్టి తగుల్తది. పురుడైనంక రా."

పిల్ల ఏడుపు తగ్గింది. బుద్ధిమంతురాలని మురిసింది నర్సింగమ్మ. పొద్దుమాపు ఎత్తుకునే చేతులకు, బరువు కొంచెం కొంచెం తరిగితే తెల్వది.

ఒకనాడు పొద్దుగాల నిరోష మంచంల కనవడలే. వెంకన్న చెలక దిక్కు ఉరికిండు, నర్సింగమ్మ బాయి దిక్కు ఉరికింది. ఎండిన మోటబాయి గడ్డ మీద, కాళ్లు లోపలికేసి కూసున్నది నిరోష. అడుగున రాళ్లు కనవడ్తున్నయ్. నర్సింగమ్మ అరవలే. పోయి జబ్బ పట్టుకొని వెనకకు జరిపి, తను గూడ పక్కన కూలబడ్డది.

"ఎందుకు కూసున్నవ్ ఈడ?"

"కురుమయ్య మామ చెట్టు కింద కూసున్నడు. నా మోకాళ్లు గూడ వంగినయ్."

"కూసోకపోతే ఏం చేసేదానివి?"

నిరోష బాయి దిక్కు చూసింది.

ఆనాడు నర్సింగమ్మ ఇంటి పని ముట్టలే. కోడలి ఎదురుంగ కూసొని చూసుకుంటనే ఉన్నది. చూస్తుంటే, దీపం ముట్టిచ్చే యాళ్లకు నిరోష చేతులు వాటంతటవే లేచినయ్. ఒళ్లె ఏదో ఉన్నట్టు ఒంగినయ్. మనిషి మెల్లగ ఊగింది. బిగుసుకపోయిన మొఖం జర వదులైంది.

"ఎవరిది బిడ్డా అది?"

"డానియలన్న బిడ్డను ఎత్తుకున్నడు. మల్లికను. బరువున్నది పిల్ల. నిద్రకొచ్చింది, భుజం మీదకు తల వాల్చింది." కొంచెం సేపైనంక చేతులు ఖాళీ అయినయ్. "దించిండు" అన్నది నిరోష. మళ్ల మొఖం మూసుకపోయింది.

నర్సింగమ్మ తెల్లందాక కండ్లు మూయలే. తెల్లారి గంప లేకుండ, ఒట్టి చేతులతోటి చర్చి వెనక ఇంటికి పోయింది.

నాగులమ్మ వాకిట్ల చింతపండు గింజ తీస్తున్నది. డానియల్ సంచి సర్దుతున్నడు. గుంపు మేస్త్రి బండి మాపటికి వస్తదట, పూనాకు పనికి పోయే బండి. నర్సింగమ్మ నాగులమ్మ దిక్కు చూడలే. గుంజకు కట్టేసిన మేకతోటి మాట్లాడింది.

"ఒక పని మీద వచ్చిన. ఎవరి మొఖం చూసొచ్చింది కాదు."

నాగులమ్మ గూడ మేకకే చెప్పింది. "గడ్డి మిగిలిందేమో చూడనీకి వచ్చిందేమో."

డానియల్ పెండ్లాం గ్లోరీ చాట కింద పెట్టి వచ్చింది. "మేకకేం సమజైతది పెద్దమ్మా, నాకు చెప్పు."

"నీ మొగణ్ని జర మా ఇంటికి పంపు బిడ్డా. మా పిల్లను ఒక్కపారి ఎత్తుకోవాలె. ఆయన ఎత్తుకుంటే దాని తల్లికి తెలుస్తది. నేను ఎత్తుకుంటే తెలుస్తలేదు." మేక తాడును వేలికి చుట్టుకున్నది. "నిన్న బాయి గడ్డ మీద కూసున్నది."

నాగులమ్మ చేతిల చింతపండు చేతిలనే ఉన్నది. తర్వాత ఆమె మేకను చూడకుండనే అన్నది. "పో రా. చేతులు కడుక్కొని పో. సిమెంటు చేతులతోటి పసిపిల్లను ముట్టకు."

డానియల్ వచ్చిండు, వెనక గ్లోరీ వచ్చింది. నిరోష గోడకు ఒరిగి కూసున్నది. డానియల్ ఒంగి, తొట్టెల నుంచి పిల్లను రెండు చేతుల్లకు తీసుకున్నడు. అందరు నిరోష చేతులనే చూస్తున్నరు. అవి లేవలే.

"అన్నా, ఎత్తుకున్నవా?"

"ఎత్తుకున్న చెల్లె."

"మంచిగ ఎత్తుకో. బట్ట పట్టుకున్నట్టున్నది."

"పిల్లనే ఎత్తుకున్న. ఇగో, ఛాతికి ఆనిచ్చుకున్న."

నిరోష చేతులు కొంచెం లేచినయ్. గాలిల అటు ఇటు వెతికినయ్. "మరేది బరువు?" అన్నది. డానియల్ పిల్లను ఇంకింత దగ్గరకు తీసుకున్నడు. "మల్లికను ఎత్తుకుంటే నా జబ్బలు గుంజేటివి. పెద్దపిల్ల, సరే. గిది పిట్టంత గూడ లేదేంది. పిట్టకైన వేడి ఉంటది." ఆమె గోడ వదిలి నిటారుగ అయింది. "సల్లగున్నది అన్నా నీ చేతుల్ల. అత్తా, ఏం పోస్తున్నవ్ దీనికి?"

"పాలు."

"ఎన్ని నీళ్లు?"

నర్సింగమ్మను ఆ ఇంట్ల ఎవ్వరు ఎన్నడు గట్ల అడగలే. "ముగ్గురిని సాదిన చేతులు ఇవి" అన్నది.

"నువ్వు సాదినోళ్లు నిండు నెలల పిల్లలు."

గ్లోరీ, పిల్ల కింద బట్టను ముట్టుకొని చూసింది. పొద్దటి నుంచి తడవలే. నాలుక మీద వేలు పెట్టింది. అది గూడ ఎండిపోయి ఉన్నది. "దశరథన్నను పిలువున్రి" అన్నది.

దశరథ్ తలకు కట్టిన రుమాలుతోటే ఆటో తెచ్చిండు. దారిపొడవునా పిల్ల డానియల్ చేతుల్లనే ఉన్నది, ఎందుకంటే నిరోష దించనియ్యలే. "మెడ కింద చెయ్యి పెట్టు. జారుతాంది. ఇంక కొంచెం పైకి" అని చెప్పుకుంటనే ఉన్నది, కండ్లు మూసుకొని, ఒట్టి చేతులు ఒళ్లె పెట్టుకొని. నర్సింగమ్మ మూలకు కూసొని, చెవులు మూసుకోలేక అన్ని విన్నది. డానియల్ లేకుండనే మేస్త్రి బండి పూనా పోయింది.

దవాఖానల పిల్లను తూకమేసి, డాక్టరమ్మ కాగితం దిక్కు ఒకపారి, వీళ్ల దిక్కు ఒకపారి చూసింది. పుట్టినప్పటికంటె తగ్గింది. సూది గుచ్చి, గొట్టం పెట్టి, వేడి దీపం కింద పండుకోబెట్టిన్రు. బతుకుతదని చెప్పలే. రేపటికి తెస్తే చెప్పనీకి గూడ ఏం ఉండకపోయేది అన్నది. నర్సింగమ్మ గోడకు ఆనుకొని నిలబడ్డది. తన చేతులను కొంగుల చుట్టుకున్నది.

మూడో నాటి పొద్దుగాల పిల్ల ఏడ్చింది. గట్టిగ కాదు గని ఏడ్చింది. ఇంత పాలు మింగి దక్కిచ్చుకున్నది. డాక్టరమ్మ కడుపు ఒత్తి చూసుకుంట అడిగింది.

"ఇంట్ల ఇంతమంది ఉన్నరు. బరువు తగ్గుతాందని ఎవరు గుర్తుపట్టిన్రు?"

నర్సింగమ్మ బతుకంత, ఇటువంటి మాట అడిగితే ముందుగాల నోరు తెరిచే మనిషి. ఈసారి గూడ నోరు తెరిచింది. తలుపు కాడ డానియల్ చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఆయన కాళ్ల కాడ, నేల మీద చెద్దరేసుకొని నిరోష కూసున్నది.

"దాని తల్లి" అన్నది నర్సింగమ్మ.

ఆ తల్లి ఎవరో తన వెనక వచ్చి నిలబడ్డదేమో అని, నిరోష మెల్లగ వెనకకు తిరిగి చూసింది.