దూది కూరిన ఓడ

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! గంగాదేవి కువైట్‌లో ఆ అరబ్బుల ఇంట్లో పనికి చేరి ఆరేళ్ళు. ఆ ఇంటి పిల్ల నూరకి ఐదేళ్ళు. పుట్టిన నాటి నుంచీ ఆ పిల్లకి స్నానం, పాలు, నిద్ర అన్నీ గంగాదేవి చేతుల మీదే. అరబ్బీకన్నా ముందు కడప మాటలే నేర్చింది. అలాంటిది, ఈ ఓడల మ్యూజియం గుమ్మం దాటినప్పటి నుంచి నూర, నాలుగు నెలల కిందట వంటకి వచ్చిన వెంకటదుర్గ చెయ్యి వదలడం లేదు.

లోపల పాతకాలపు కొయ్య ఓడలు. ముత్యాల కోసం సముద్రం మీదికి పోయినవట. దుర్గ ఒక ఓడ పక్కన ఆగి, చెక్కల సందులు చూపించి, వచ్చీరాని అరబ్బీలో మామాకి, అంటే నూర తల్లికి, ఏదో చెప్పింది. తర్వాత గంగాదేవి వైపు తిరిగింది.

"ఇందులో నూనెలో తడిపిన దూది కూరతారండి అక్కా, నీళ్ళు రాకుండా. తాళ్ళరేవులో మా నాన్నదీ ఇదే పనండి."

మామా మురిసిపోయి దుర్గకీ నూరకీ ఫోటో తీసింది. అడ్డంగా ఉన్నావని గంగాదేవిని పక్కకు జరగమంది. ఒళ్ళు మండిపోయింది గంగాదేవికి. రాయచోటి మనిషికి ఓడల సంగతేం తెలుసు? కువైట్ వచ్చేదాకా సముద్రమే చూడలేదాయె!

అసలు భయం వేరే. మూడేళ్ళ తర్వాత వచ్చే వారం ఊరికి పోతోంది, రెండు నెలల సెలవు. మిర్కాబ్ బజారులో విమానం టికెట్టు కూడా తీసిచ్చారు మామావాళ్ళు. తిరిగొచ్చేసరికి ఈ పిల్ల తనను మరిచిపోదూ?

ఓడ ఎక్కే మెట్ల దగ్గర గంగాదేవి చేతులు చాచింది. "రామ్మా నూరా, ఎత్తుకుంటా."

"నాకొద్దు పో. దుర్గ ఎత్తుకుంటాది."

తాను నేర్పిన మాటలతోనే తనను పొమ్మంది! గంగాదేవి దుర్గ మీద విరుచుకుపడింది.

"ఏమ్మే దుర్గా, ఏం మందు పెట్నావే బిడ్డకి?"

దుర్గ బిత్తరపోయింది. "అయ్యో, అదేం మాటండి అక్కా! పొద్దున్నించీ నన్ను ఒకటే అడుగుతోందండి. మీరే చెప్పుకోండి," అంటూ పిల్లను ముందుకు తోసింది.

నూర మూతి ముడుచుకుని నిలబడింది. "నీ పాప కాడికి పోతాండావంట గదా. ఆ పాప నాకంటే మంచిదా?"

గంగాదేవి నూర ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పోయిన వారం ఫోన్లో ఎనిమిదేళ్ళ కూతురూ ఇదే అడిగింది: "ఆ అరబ్బీ పాప నాకంటే మంచిదా మా?" అప్పుడు నవ్వేసి, అన్నం తిన్నావా అని మాట మార్చింది.

"నువ్వే మంచిదానివి తల్లీ," అంది నూరను పొదువుకుని. అంటూనే, అంత దూరాన ఎవరో విన్నట్టు తల దించుకుంది.