బావమరిది కొలత

ఏనోస్‌కి సీల్ మాంసం అంటే ప్రాణం. కాని ఆ శీతాకాలం అదే మాంసం అతనికి గొంతు దిగలేదు. తెచ్చేది బావమరిది కావడమే దానికి కారణం.

వారానికి రెండుసార్లు గెర్త్ తలుపు తోసుకుని వచ్చేవాడు. కాలేయమో, డొక్క ముక్కో నేలమీద పెట్టి, "అక్కా, ఎక్కువైంది, మీరూ తినండి" అని చెప్పి, బూట్లకి అంటిన మంచు కరిగేలోపే వెళ్ళిపోయేవాడు. ఎక్కువైందట! ఏనోస్ ఇంట్లో ఏనాడైనా ఏదైనా ఎక్కువైందా? పెళ్ళాం బెనిగ్నె మాత్రం తమ్ముడు వెళ్ళిన దారివైపు చూసి చూసి, కుండ కింద మంట సరిచేసి, "మా వాడి చేతిలో ఏదో ఉందయ్యా" అనేది. ఆ ముక్క వింటే చాలు, ఏనోస్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది. నోట్లో ముద్ద నములుతూనే ఉండేవాడు, మింగడం మరిచిపోయేవాడు.

నిజం చెప్పాలంటే ఆ ఏడు తప్పు ఏనోస్‌ది కాదు, గాలిది. ఏనోస్ వేటాడేది ఊరి బయట, రాతి దిబ్బలకి అవతల, నడిసముద్రపు అలలు నేరుగా వచ్చి తగిలే చోట. శరదృతువంతా అక్కడ తుఫానులే. గెర్త్ వేటాడేది కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఉప్పుకయ్యలో. ఎంత గాలి వీచినా అక్కడ నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటాయి. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు, ఏనోస్‌కీ తెలుసు. అయినా కడుపు మండుతున్నవాడికి గాలిమీద కోపం తెచ్చుకుంటే ఏం తృప్తి? కోపానికి మనిషి కావాలి, కనీసం ఒక వస్తువైనా కావాలి. ఏనోస్‌కి గెర్త్ కయాక్, వాడు వేటకెళ్ళే ఆ తోలు పడవ, దొరికింది.

అది చూడచక్కని కయాక్, ఆ మాట ఒప్పుకోవాలి. సన్నగా, పొడుగ్గా, నీటికి ఆనీ ఆననట్టు ఉండేది. గెర్త్ అందులో కూర్చుని తెడ్డు వేస్తే చప్పుడు వినపడేది కాదు, సీల్ తల తిప్పేలోపు బల్లెం దిగిపోయేది. ఏనోస్‌ది తండ్రి కాలపు పద్ధతిలో చేసినది. వెడల్పు, బరువు, ముక్కు కాస్త పైకి లేచి ఉంటుంది. ఒడ్డున రెండూ పక్కపక్కన బోర్లించి ఉంటే, ఏనోస్ తన దాన్ని చూసి సిగ్గుపడేవాడు. కిటుకంతా ఆ సన్నదనంలోనే ఉందని అతనికి నమ్మకం కుదిరిపోయింది. వాడి చేతిలో ఏమీ లేదు, వాడి కింద ఉంది!

ఆ ఊళ్ళో కయాక్ కొలత ఎవరూ ఎవర్నీ అడగరు. చాచిన చేతులు మూడుసార్లు వేస్తే పొడవు. తుంటి వెడల్పుకి అటో పిడికిలి ఇటో పిడికిలి కలిపితే అడ్డం. బొటనవేలు నిలబెట్టిన పిడికిలి అంత లోతు. ఎవడి ఒళ్ళు వాడికి కొలబద్ద. అందుకే పక్కవాడి కయాక్‌ని తాడు పెట్టి కొలవాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. ఏనోస్‌కి తోచింది.

బెనిగ్నె పుట్టినరోజున ఇల్లంతా జనం. కాఫీ మీద కాఫీ, రొట్టె మీద రొట్టె. గెర్త్ మధ్యలో కూర్చుని అక్కని నవ్విస్తున్నాడు. కాఫీకి నీళ్ళు చాలవు, మంచుగడ్డ కొట్టుకొస్తానని ఏనోస్ బయటికి నడిచాడు. నేరుగా ఒడ్డుకి వెళ్ళి, కుక్కలకి అందకుండా ఎత్తుగా కట్టిన మంచెమీదున్న గెర్త్ కయాక్ ముందు ఆగాడు. తోలు తాడు తీసి పొడవుకొక ముడి, వెడల్పుకొక ముడి, లోతుకొక ముడి, కూర్చునే కంతకొక ముడి వేశాడు. దొంగతనం చేసినట్టే గుండె కొట్టుకుంది. తిరిగి ఇంట్లో అడుగు పెడుతుంటే బెనిగ్నె చేతులవైపు చూసింది.

"ఐస్ ఏదయ్యా?" అంది.

జనమంతా గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా గెర్త్ నవ్వినట్టు ఏనోస్‌కి అనిపించింది.

చెట్టనేది మొలవని ఆ నేలమీద కర్ర సముద్రం ఇస్తేనే ఉన్నట్టు. ఎక్కడో నదుల్లో పడి, ఏళ్ళ తరబడి మంచుతో తిరిగి తిరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చే దుంగలు. ఏనోస్ దగ్గర అలాంటి దుంగ ఒక్కటుంది. ముసలితనంలో చివరి కయాక్‌కని దాచుకున్నాడు. దాన్ని బయటికి తీశాడు. అదీ చాలలేదు. పాత కయాక్ విప్పేసి అందులోంచి పక్కటెముకలూ ఎముక పట్టీలూ తీసుకున్నాడు. మిగిలిన వంకర ముక్కలు పొయ్యిలోకి పోయాయి. ఇక ఈ కొత్తది తప్ప అతనికి నీటిమీద కాలు పెట్టడానికి ఏమీ లేదు. వసంతంలో సీల్ గుంపులు వచ్చేసరికి తన కుండలో తన వేటే ఉడకాలి, గెర్త్ తెచ్చినది తలుపు దాటి లోపలికి రాకూడదు. ఆ శీతాకాలమంతా అతను అనుకున్నది అదొక్కటే.

నిజానికి అతను మంచి పనివాడు. ఎన్నో కయాక్‌లు చేసిన చెయ్యి. ఈసారి పంతం కూడా తోడైంది. కర్రని నునుపు చేసి, మళ్ళీ చేసి, నరాల దారంతో బిగించి కడుతుంటే ఇంట్లోకి వచ్చినవాళ్ళు మాట మానేసి చూసేవారు. ఒకరోజు బెనిగ్నె దగ్గరికి వచ్చి, కూర్చునే చోట అడ్డపట్టీల మధ్య జానలు వేసి చూసింది. తర్వాత మొగుడి నడుం వైపు చూసింది.

"ఇది ఎవరికయ్యా?"

"ఎవరికేమిటే? నాకే."

"ఇందులో నువ్వు పట్టవు."

ఏనోస్‌కి ఒళ్ళు మండిపోయింది. లావుగా ఉన్నానని ఎత్తిపొడుస్తోంది అనుకున్నాడు. తమ్ముడు రివటలా ఉంటాడు కదా, ఆవిడ కళ్ళకి మగాడంటే అలా ఉండాలి! "నీ సూది పని నువ్వు చూసుకో" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మంచు వదులయ్యాక ఆడవాళ్ళంతా కూడి తడి తోళ్ళు చట్రానికి తొడిగి కుట్టారు. తోళ్ళు చాలకపోతే రెండు గెర్త్ ఇచ్చాడు. వాటిని ఎక్కడ అతికారో ఏనోస్ కళ్ళు మూసుకున్నా చెప్పగలడు. ఒకటి ముందు, ఒకటి సరిగ్గా అతను కూర్చునే చోట.

సీల్స్ వచ్చాయన్న కబురు రాగానే ఏనోస్ ఎవరికోసమూ ఆగలేదు. కంత అంచుకి సీల్ కొవ్వు రాసి, ఊపిరి బిగబట్టి, ఎలాగో లోపలికి దూరాడు. మోకాళ్ళు పైతోలుకి ఒత్తుకున్నాయి. తుంటికి రెండు వైపులా పట్టుకారు పెట్టినట్టుంది. కొత్తది కదా, కొంచెం బిగువుంటుంది అని సర్దిచెప్పుకున్నాడు. ఒడ్డున గెర్త్ కూడా తన కయాక్ దింపుతున్నాడు.

"నీకెందుకురా ఈవైపు? నీ కయ్యకి నువ్వు పో" అన్నాడు ఏనోస్.

"అక్క నీతో వెళ్ళమంది బావా."

అక్క వెళ్ళమందట. ఏనోస్ తెడ్డు వేశాడు. రేవులో ఉన్నంతసేపూ ఆ కయాక్ పరుగు చూస్తే అతనికే గర్వమేసింది. రాతి దిబ్బలు దాటేసరికి కాళ్ళు మొద్దుబారిపోయాయి. పాతది అలమీద బాతులా కూర్చునేది. ఇది ప్రతి అలకీ పక్కకి ఒరుగుతోంది, నిలబెట్టుకుందామంటే నడుం మెదలదు. ఒక పెద్ద అల వచ్చి బోర్లా తిప్పేసింది. నీళ్ళలో తలకిందులుగా ఉండి తెడ్డు లాగి పైకి లేచాడు, చిన్నప్పటినుంచీ వచ్చిన విద్యే. వెంటనే రెండో అల. ఈసారి తుంటి తిరగలేదు, కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. తెడ్డు చేతిలోంచి జారింది. చల్లటి నీళ్ళు ముక్కులోకి ఎక్కుతుంటే చెయ్యి పైకి చాచి గుడ్డిగా తడిమాడు.

చేతికి ఇంకో కయాక్ ముక్కు తగిలింది. దాన్ని పట్టుకుని పైకి లేచాడు. ఎదురుగా గెర్త్, ముఖం పాలిపోయి ఉంది.

ఇద్దరూ పడుతూ లేస్తూ ఒక దిబ్బ వెనక్కి చేరారు. ఇరుకు బూటులోంచి కాలు లాగినట్టు గెర్త్ అతన్ని కయాక్‌లోంచి ఊడలాగాడు. ఏనోస్ రాతిమీద పడి తొడలు రుద్దుకుంటుంటే, అసలు దీనికేమైందో చూద్దామని గెర్త్ అందులోకి దిగి కూర్చున్నాడు. కాళ్ళు చాచాడు. నడుం అటూ ఇటూ ఊపాడు. ఊపడం ఆపేసి బావవైపు తిరిగాడు.

"బావా, ఇది నా కొలత."

ఏనోస్ తొడలు ఇంకా గట్టిగా రుద్దుకున్నాడు.

"ఎప్పుడు తీశావు?"

"మీ అక్క పుట్టినరోజున."

"ఐస్‌కి వెళ్ళినప్పుడా?" గెర్త్‌కి నవ్వొచ్చింది, బావ ముఖం చూసి మింగేశాడు. "అడిగితే నేనే తాడు పట్టుకునేవాణ్ణిగా. పట్టుకుని, నీకు వద్దు బావా అని కూడా చెప్పేవాణ్ణి." ఆ వెంటనే అడిగాడు. "నీ పాతది ఏం చేశావు?"

"విప్పేశాను. కొంత ఇందులో ఉంది, కొంత పొయ్యిలో పెట్టాను."

గెర్త్ తల తిప్పి సముద్రంవైపు చూశాడు. అవతల అలలు దిబ్బకి కొట్టుకుంటున్నాయి.

"ఎంత పని చేశావు బావా. ఈ నీళ్ళలోకి రావాలంటే నాకు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నట్టుంటుంది, ఇవాళ కూడా. నువ్వేమో ఆ కయాక్‌లో అలమీద కూర్చుని పైపు కాల్చుకునేవాడివి. నేను గట్టుమీదనుంచి చూసి కుళ్ళిపోయేవాణ్ణి."

ఏనోస్ తొడలు రుద్దడం ఆపాడు. "ఏమన్నావు?"

"కుళ్ళిపోయేవాణ్ణి అన్నాను. ఇంకా గట్టిగా చెప్పాలా?"

తడి బట్టల్లో వణుకుతున్న ఏనోస్‌కి ఒళ్ళంతా వెచ్చబడింది. సిగ్గు లేకుండా సంతోషమేసింది. ఆ మరుక్షణమే పొయ్యిలో కాలిపోయిన వంకర ముక్కలు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ తనని చూసి ఒకడు ఏడుస్తుంటే తనకి తెలియకపోవడమేమిటి! తెలిసుంటే ఆ ముక్కల్లో ఒక్కటి కూడా మంటలో పెట్టేవాడు కాదు. గెర్త్ తెచ్చిన మాంసం కూడా రుచిగానే తినేవాడు.

కొత్త కయాక్ గెర్త్‌కి పోయింది. ఇంకెవరికి పనికొస్తుంది? ఉప్పుకయ్యలో అది పాకుతుంటే, ఇంత మంచి కయాక్ ఈ ఊరు చూడలేదని ముసలివాళ్ళు కూడా అన్నారు. ఏనోస్ జీవితంలో చేసిన పనుల్లోకెల్లా గొప్పది అదే. దానికి బదులుగా గెర్త్ తన పాతది విప్పి కర్రంతా బావ గుమ్మం ముందు పడేశాడు. అడ్డపట్టీలు మాత్రం పొట్టి, అవి కొత్తగా చెయ్యాలి. వాటికి చాలినంత కర్ర ఇంటి అరల్లోంచి బెనిగ్నె ఊడదీసి ఇచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ తాడు తెచ్చి మొగుడి తుంటికి అడ్డంగా పట్టింది. అటో పిడికిలి, ఇటో పిడికిలి పెట్టింది. పొయ్యిమీద తమ్ముడు తెచ్చిన మాంసం ఉడుకుతోంది.

"మీ వాడికంటే ఎంత ఎక్కువే?"

"నాలుగు వేళ్ళు. నేను అప్పుడే చెప్పలేదా?"

"చెప్పావు."

"పొట్ట లోపలికి లాగకు మరి. సరిగ్గా నిలబడు."

ఏనోస్ ఊపిరి వదిలేశాడు. పొట్ట దాని చోటికి అది వచ్చింది. బెనిగ్నె ముడి వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకో వేలు వదులు" అన్నాడు. "మీ తమ్ముడు చూసి కుళ్ళుకోవాలి."

ఆవిడ ఇంకో వేలు వదిలి ముడి వేసింది.