రెండు కిలోల అబద్ధం

నేను ఒక తూనికరాయిని. రెండు కిలోలు, పోత ఇనుము, ఆరు పలకలు. ప్రస్తుతం విశాఖపట్నంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో, సిస్టర్ సువార్త బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా కూర్చున్నాను. ఈ ఉదయం నా కింద పెట్టిన కవరు నూకరత్నానిది. ఆపరేషన్ జరిగి ఐదేళ్లు నిండాక తీసిన స్కాను రిపోర్టు అందులో ఉంది. దాని బరువెంతో చెప్పగలను, లోపల ఏం రాశారో చదవలేను. పది గంటలకు రమ్మన్నారు, పదిన్నర దాటింది, ఆమె ఇంకా రాలేదు. నాకు భయంగా ఉంది. ఇనుముకు భయమేమిటని నవ్వకండి. ఆమె ఒకప్పుడు నన్ను కడుపుకు కట్టుకుని తిరిగింది.

నేను కొలిమిలో పుట్టాను. తూనికల శాఖవారు నా బొడ్డులో సీసం పోసి, ముద్ర కొట్టి లోకంలోకి వదిలారు. మొదటి యజమాని బెల్లం వ్యాపారి. రోజూ గుడికి వెళ్లొచ్చాకే కొట్టు తెరిచేవాడు. అంత భక్తిపరుడూ ఆ సీసం గీకించి నన్ను యాభై గ్రాములు తేలిక చేశాడు. మనుషులకు దేవుడంటే ఉన్న భయం తూకమంటే ఉండదు.

పాత సామాన్లవాడి దగ్గర నన్ను కొన్న నూకరత్నం మాత్రం ముందుగా మళ్లీ సీసం పోయించి కొత్త ముద్ర వేయించింది. చేపల బజారులో కూర్చునేది. సరిగ్గా తూచి, ఆపైన ఒక చిన్న చేపను సంచిలో పడేసేది. "ఇది కొసరమ్మా. కొసరు తూచకూడదు" అనేది. ఇరవై ఏళ్లు ఆమె త్రాసులో తలెత్తుకుని బతికాను. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మూలన పడ్డాను.

తర్వాత ఆమెకు అన్నం సయించడం మానేసింది. కడుపులో క్యాన్సర్ అన్నారు. కడుపు ముప్పాతిక భాగం తీసేశారు. కంటికి కనపడని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటే జబ్బు తిరగబెడుతుందని, మూడు వారాలకోసారి మందు ఎక్కించాలన్నారు. మొత్తం ఎనిమిది విడతలు. మోతాదు మనిషి ఎత్తూ బరువూ చూసి కడతారు. మూడో విడతకు ఆమె నలభై మూడు కిలోలు. సిస్టర్ సువార్త కాటా చూసి, "ఇంకా తగ్గితే డాక్టరుగారు వాయిదా వేస్తారమ్మా, బాగా తినాలి" అంది.

ఆ మాట ఆమె గుండెలో పడింది. "మందు ఆపేత్తే మల్లీ వచ్చేస్తాది" అంది భర్త పోలయ్యతో.

"మరి తినవే."

"దిగితే కదా తినడానికి."

నాలుగో విడత రోజు మూలన ఉన్న నన్ను తీసి ఎండలో పెట్టింది. ఆ మందు పడ్డాక చల్లనిది ఏది తగిలినా ఆమెకు ముళ్లు గుచ్చినట్టుండేది. ఇరవై ఏళ్లు ఐసులో చేయి పెట్టి చేపలు తీసిన మనిషి, చెంబుడు నీళ్లకు ఉలిక్కిపడేది. నేను వెచ్చబడ్డాక పాత తువ్వాలులో చుట్టి, చీర లోపల కడుపుకు కట్టుకుంది. అక్కడ చోటు చాలానే ఉంది.

కాటా నలభై మూడు చూపింది. "తగ్గలేదు, మంచిది" అంది సిస్టర్. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తూకంతోనే బతికినదాన్ని సిస్టరేం పడుతుంది? నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బెల్లం వ్యాపారి కూడా నాచేత యాభై గ్రాముల అబద్ధమే ఆడించాడు.

ఐదో విడతకూ నన్ను కట్టుకునే కాటా ఎక్కింది. ఆమెకు నోరంతా పుళ్లు, ఆగని విరేచనాలు. తువ్వాలు ముడి పోయినసారి కన్నా బిగించాల్సి వచ్చిందని, అంటే ఆమె కరిగిపోతోందని, నాకొక్కదానికే తెలుసు. చెబుదామంటే నోరు లేదు.

ఆరో విడతకు కాటా మీదే కళ్లు తిరిగి కూలిపోయింది. ముడి ఊడి నేను గచ్చు మీద పడ్డాను. వార్డంతా ఉలిక్కిపడి చూసింది. సిస్టర్ ఆమెను లేపి కూర్చోబెట్టి, నన్ను చేతిలోకి తీసుకుంది.

"రెండు విడతలు ఈ ఇనుముకు కూడా మందు ఎక్కించాం కదమ్మా! నువ్వు తినలేకపోతున్నావని మాకెలా తెలుస్తుంది?"

"ఆపేత్తారని బయమేసినాదమ్మా."

"ఆపరమ్మా. కొన్నాళ్లు ఆగి, తగ్గించి ఇస్తారు. అంతే."

ఆ ముక్క ముందే ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే నేను మూలనే ఉండేదాన్ని.

పోలయ్య రెండు గంటలకోసారి గరిటెడు జావ, చారెడు అన్నంలో చేప పులుసు పెట్టి ఆమెను నిలబెట్టాడు. ఆలస్యంగానైనా ఎనిమిదీ పూర్తయ్యాయి. నన్ను మాత్రం సిస్టర్ తిరిగివ్వలేదు. పరీక్షలకు వచ్చినప్పుడల్లా నూకరత్నం నా మీద చేయి వేసి, కిందున్న తన కవరు చూసి, "ఏటి రాసినారో" అనేది. ఆమెతో పాటు మందు ఎక్కించుకున్నవాళ్లలో కొందరి కవర్లు నా కిందికి రావడం మానేశాయి. అందుకే ఈ భయం.

పదకొండుకు పోలయ్యతో కలిసి వచ్చింది. బస్సు ఆలస్యమట. డాక్టరుగారు నన్ను పక్కకు జరిపి కవరు చింపారు. ఆయన చదువుతున్నంతసేపూ పోలయ్య గోడ పట్టుకునే ఉన్నాడు.

"ఎక్కడా ఏమీ లేదమ్మా. ఇక ఎప్పటికీ రాదని రాసివ్వలేను. కానీ ఐదేళ్లు దాటావు. ఇకమీద ఏడాదికోసారి వస్తే చాలు."

ఎవరూ అడగకుండానే ఆమె చేతులు రెండూ పైకెత్తి కాటా ఎక్కింది. నలభై ఏడు. సిస్టర్ నవ్వి, నన్ను ఆమె చేతిలో పెట్టి తీసుకెళ్లమంది. నూకరత్నం నన్ను ఒకసారి ఎత్తి చూసి, మళ్లీ బల్ల మీదే పెట్టింది.

"తూకం అయిపోనాది సిస్టరమ్మా. ఇకమీద బతికిందంతా కొసరే. కొసరుకి రాయెందుకు?"

వాళ్లు వెళ్లిపోయారు. సిస్టర్ ఇంకో కవరు తెచ్చి నా కింద పెట్టింది. ఇది ఎవరిదో నాకు తెలియదు. బరువు మాత్రం అంతే ఉంది.