వంచిన చేను

తెల్లారేసరికి సతుర్నీనో నాలుగు సాళ్లు వంచేశాడు. ఎడమచేత్తో మొక్కజొన్న కర్రను కంకికి కిందుగా పట్టుకుని, కుడిచేత్తో తలను నేలవైపు వాల్చాలి. కర్ర విరగాలి గానీ తెగకూడదు. అలా వంచిన కంకి చేలోనే ఎండుతుంది, వాన లోపలికి దిగదు. గింజ గట్టిపడ్డాక చేసే పని అది. ఇవాళ అతను వంచుతున్నవి ఇంకా పాలకంకులు.

పొట్టి మనిషి, యాభై దాటాడు. కొడవలి పట్టీ పట్టీ బొటనవేలు వంకర తిరిగింది. పద్దెనిమిదేళ్ల కిందట ఎల్ సాల్వడార్‌లో సెంటు భూమి లేక, సరిహద్దు ఏరు దాటి హోండురస్ వచ్చాడు. ఈ రాళ్ల వాలు అప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు అందరికీ కావాలి. ఈ గడ్డమీద పుట్టనివాళ్లు శనివారం పొద్దుగూకేలోగా ఖాళీ చెయ్యాలని సర్కారు ఉత్తర్వు చర్చి గుమ్మంలో చదివి వినిపించారు. ఇవాళే శనివారం. వంచిన చేను కోసిన పంటతో సమానమని, ఇంటికి చేర్చుకునేదాకా వంచినవాణ్ణి కదల్చకూడదని ఈ ఊళ్లో కట్టుబాటు. దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు.

"పచ్చిది వంచితే కుళ్లిపోదూ?" అంది రొట్టెలు తెచ్చిన భార్య తోమసా.

"సగం పోతుంది. సగమన్నా మనది."

"ఆ మాట నువ్వే నమ్మట్లేదు."

అతను రొట్టె గట్టుమీద పెట్టి మళ్లీ సాలులోకి దిగాడు.

మధ్యాహ్నం బెనిగ్నో వచ్చాడు. ఇక్కడే పుట్టినవాడు, ముప్పై ఏళ్లుగా పరాయి పొలాల్లో కూలి. సతుర్నీనో కూతురికి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలిచాడు. ఆ వరసన ఇద్దరూ కొంపాద్రే అని పిలుచుకుంటారు. వెనక ఇద్దరు తుపాకులవాళ్లు. చేను చూసి బెనిగ్నో మొహం పాలిపోయింది.

"ఎంత పని చేశావు కొంపాద్రే. పాలకంకుల్ని చంపేశావే."

"వంచిన చేను ఇది. కట్టుబాటు నీకు తెలీదా?"

"నాకు తెలుసు. వీళ్లకి అక్కర్లేదు." బెనిగ్నో నేలచూపులు చూశాడు. "ఈ పొలం నా పేరున రాశారు. పిల్లలకి ఈ గింజలే అనుకున్నా."

సతుర్నీనోకి కోపం రావాల్సింది. సిగ్గేసింది. చేతుల జిగురు లాగుకి తుడుచుకున్నాడు.

"ఆ మూల మూడు సాళ్లు వంచలేదు," అన్నాడు చివరికి. "గింజ ముదిరేదాకా ఆగు. తొందరపడకు."

పొద్దుగూకక ముందే సతుర్నీనో, తోమసా, కూతురు మూటలెత్తుకుని ఏటివైపు దిగారు. కూతురు ఇక్కడే పుట్టింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. బెనిగ్నో వాళ్లు వదిలిన గుడిసె గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టలేక నిలబడ్డాడు. పొయ్యిమీద మట్టి పెనం, దానిమీద తిరగెయ్యకుండా వదిలేసిన ఒక రొట్టె.